చల్లటి చొక్కాకు ఔట్‌డోర్ యూనిట్ ఎక్కడ?

పోయిన వేసవిలో మెడకు తగిలించుకునే కూలర్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. వెనకవైపు రెండు చిన్న లోహపు పలకలు మెడకు ఆనుకుంటాయి. బటన్ నొక్కితే కాసేపట్లోనే అవి ఫ్రిజ్‌లోంచి తీసిన చెంచాలా చల్లబడతాయి. హాల్లో కూర్చుని దాని గొప్పలు చెబుతుంటే మా బావమరిది చెయ్యి చాపి తీసుకున్నాడు. అతను ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. పలకల జోలికే పోలేదు. దాన్ని తిప్పి, అంచున ఉన్న సన్నటి చీలికల దగ్గర వేళ్లు పెట్టి చూశాడు.

"అంతా బాగానే ఉంది బావా, దీని ఔట్‌డోర్ ఏది?" అన్నాడు.

ఆ చీలికల్లోంచి వేడిగాలి వస్తోంది. సరిగ్గా నా చెవుల కిందికి.

ఒంటిని చల్లబరుస్తామంటూ వస్తున్న జాకెట్లు, చొక్కాలు, మెడపట్టీలు ఎన్ని రకాలున్నా, అవన్నీ అర్థం కావడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు. చలిని ఎవరూ తయారుచేయలేరు. ఉన్నచోటి వేడిని తోడి ఇంకోచోట పారబోయగలరు, అంతే. ఇంట్లో ఏసీకి ఆ ఇంకోచోటు గోడ అవతల ఉంది. చొక్కాకు గోడ లేదు.

ముందు ఒంటి లెక్క చూద్దాం. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు సుమారు 100 వాట్ల వేడి పుట్టిస్తుంది, పాతకాలపు గుండు బల్బు అంత. చురుగ్గా నడిస్తే 300 వాట్ల దాకా పోతుంది. సిమెంటు బస్తాలు మోసేవాళ్లకు ఇంకా ఎక్కువ. ఈ వేడి ఎప్పటికప్పుడు బయటికి పోతేనే లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. పోవడానికి దారులు నాలుగు. ఒంటికి ఆనిన వస్తువులోకి పోవచ్చు, ఒంటిని రాసుకుంటూ వెళ్లే గాలిలోకి పోవచ్చు, కంటికి కనపడని పరారుణ కిరణాలుగా పోవచ్చు, చెమట ఆవిరై పట్టుకుపోవచ్చు. వేసవిలో మన చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి, గోడ, రోడ్డు అంతకన్నా వేడెక్కాయంటే మొదటి మూడు దారులూ ఎదురు తిరుగుతాయి. మన వేడి పుచ్చుకోవలసినవి తమ వేడి మనకు ఇవ్వడం మొదలుపెడతాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మిగిలేది ఒక్క చెమట దారే.

ఆ ఒక్క దారి ఎంత పెద్దదో చూడండి. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి దాంతోపాటు పోతుంది. ఇప్పుడు మీ జేబులోని పవర్ బ్యాంకు తీయండి. 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే, నిండా చార్జ్ అయ్యాక అందులో ఉండే శక్తి 37 వాట్-అవర్లు, అంటే 133 కిలోజౌళ్లు. 55 మిల్లీలీటర్ల చెమట ఆవిరైనా అంతే వేడి పోతుంది. సగం టీ గ్లాసు. బ్యాటరీతో చలి పుట్టిస్తామని వచ్చే ప్రతి పరికరం పోటీ ఆ సగం గ్లాసుతోనే.

వెచ్చదనం సంగతి వేరు. తీగలో కరెంటు పారితే వేడి పుడుతుంది, పుట్టిందంతా మనకు కావలసిందే, పారబోయాల్సింది ఏమీ లేదు. పైగా ఒళ్లే 100 వాట్ల పొయ్యి కాబట్టి జాకెట్ దాన్ని జారిపోకుండా పట్టుకుంటే చాలా మటుకు పని అయిపోయినట్టే. తీగలు పూడ్చాల్సింది మిగిలిన లోటు మాత్రమే, దానికి పది వాట్లు కూడా అక్కరకొస్తాయి. అందుకే ఈ రకం బట్టలు ఎప్పుడో వచ్చేశాయి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ బాంబర్లు 25,000 అడుగుల ఎత్తున ఎగిరేవి. తెరిచిన కిటికీ దగ్గర మెషిన్‌గన్ పట్టుకుని నిలబడ్డవాళ్లకు మైనస్ 40 డిగ్రీల గాలి తగిలేది. విమానం కరెంటుతోనే వెచ్చబడే సూట్లు కుట్టించారు. తొలి రకాల్లో తీగంతా ఒకే వరుసలో ఉండడంతో ఎక్కడో ఒకచోట తెగితే సూటు మొత్తం చల్లారిపోయేది, పెళ్లి పందిట్లో సీరియల్ లైట్ల దండలో ఒక్క బల్బు పోయినట్టు. తర్వాత సర్క్యూట్లు విడదీశారు. ఇప్పుడు చికాగోలో పొద్దున్నే కారు మీది మంచు గీకే మన పిల్లలు వేసుకునే బ్యాటరీ జాకెట్లు ఆ సూట్ల మనవలే. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వేడి సాక్సుల జోలికి పోకూడదు. గోరువెచ్చగా అనిపించే వేడి కూడా గంటల తరబడి ఒకేచోట తగిలితే చర్మం కాలుతుంది, వాళ్లకది తెలియదు.

నా మెడ కూలర్ దగ్గరికి వస్తాను. గడియారాల పని మానేసి ప్రయోగాల్లో పడ్డ పెల్టియర్ అనే ఫ్రెంచి ఆయన 1834లో ఒక వింత గమనించాడు. రెండు వేర్వేరు లోహాలను అతికించి కరెంటు పంపితే ఒక అతుకు చల్లబడుతోంది, ఇంకో అతుకు వేడెక్కుతోంది. ఇప్పుడు లోహాల బదులు బిస్మత్ టెల్యురైడ్ అనే పదార్థపు ముక్కలు వాడుతున్నారు. బిస్కెట్ అంత పలక, గ్యాసు లేదు, కంప్రెసర్ లేదు, చప్పుడు లేదు. కరెంటు దిశ మారిస్తే చల్లటి వైపు వేడెక్కుతుంది కాబట్టి ఒకే పరికరం ఎండకూ చలికీ పనికొస్తుంది. సోనీ కంపెనీ 2020లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన రియాన్ పాకెట్ ఈ బాపతే. మెడ కింద, రెండు భుజాల మధ్య పెట్టుకుంటారు.

ఇబ్బంది ఎక్కడంటే, ఈ పలక వేడిని తోడడంలో కంప్రెసర్‌కు చాలా దూరంలో ఉంది. ఐదు వాట్ల కరెంటు తిని ఐదు వాట్ల వేడి తోడిందనుకుందాం. రెండో వైపున పది వాట్లు పారబోయాలి, ఎందుకంటే అది తిన్న కరెంటు కూడా వేడిగానే మారుతుంది. ఆ పది వాట్లను ఊదేయడానికే లోపల లోహపు రెక్కలు, బుల్లి ఫ్యాన్ ఉంటాయి. మా బావమరిది వేళ్లకు తగిలింది అదే. చుట్టూ గాలి 42 డిగ్రీలుంటే రెక్కలు అంతకన్నా వేడిగా ఉంటేనే వేడి వదలగలవు. రెక్కలు ఎంత కాగితే పలక అంత చేతులెత్తేస్తుంది. ఇదంతా చేసి తీసింది ఐదు వాట్లు. నడుస్తున్న మనిషి పుట్టించేది 300.

మరి అంత హాయి ఎక్కడిది? అమృతాంజనం దగ్గరికి రండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో మొదలుపెట్టిన ఆ పచ్చటి బామ్ నుదుటికి రాస్తే చల్లగా ఉంటుంది. నుదుటి మీద థర్మామీటరు పెడితే తేడా కనపడదు. అందులోని మెంథాల్ చర్మంలోని చలిని పసిగట్టే నరాల తలుపును నేరుగా తట్టి తెరుస్తుంది. ట్రిప్ఎం8 అనే ఆ తలుపు ఆచూకీ 2002లో దొరికింది. ఒంటికి వేడి, చలి ఎలా తెలుస్తాయో కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్‌లో వాటా దక్కింది. ముట్టుకోగానే చల్లగా ఉంటుందని అమ్మే కొన్ని బట్టల్లో కిటుకు ఇంతే. ఇంకొన్ని బట్టలది గచ్చు కిటుకు. గదిలో చాపా గచ్చూ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా, గచ్చు మన వేడిని త్వరగా లాక్కుంటుంది కాబట్టి చల్లగా తగులుతుంది. బట్ట పలచన కాబట్టి ఆ లాగుడు కొన్ని క్షణాల్లో అయిపోతుంది. షాపులో చేత్తో తడిమి చూసే వేళకు సరిపోతుంది.

మెడ, ముఖం చలికి మహా చురుకు. అక్కడ కాస్త చల్లబడితే ఒళ్లంతా తేలికపడ్డట్టు మెదడు లెక్క కడుతుంది. బస్సుకోసం ఎదురుచూసే నాలాంటివాడికి అది చాలు, డబ్బులు దండగ అనను. ఎండలో పనిచేసేవాళ్లకు మాత్రం ఇదే గండం. మెడను చల్లబరిచి వేడిలో పరుగెత్తించిన ప్రయోగాల్లో మనుషులు మామూలుకన్నా ఎక్కువసేపు పరుగెత్తారు, ఆగే సమయానికి వాళ్ల లోపలి ఉష్ణోగ్రత కూడా మామూలుకన్నా ఎక్కువ ఉంది. ఒళ్లు "ఇక చాలు" అని చెప్పే గొంతు నొక్కేసినట్టయింది.

ఈ జాతిలో నాకు నిజంగా నచ్చింది ఫ్యాన్ జాకెట్. సోనీలో ఇంజినీరుగా పనిచేసి బయటికొచ్చిన ఇచిగయ హిరోషి 2004లో ఇందుకోసమే కుచోఫుకు అనే కంపెనీ పెట్టారు. ఆ మాటకు అర్థం ఏసీ దుస్తులనే. నిజానికి అందులో ఏసీ లేదు. నడుము దగ్గర వెనకవైపు అరచేతి వెడల్పు ఫ్యాన్లు రెండు, జేబులో బ్యాటరీ. ఫ్యాన్లు బయటి గాలిని లోపలికి లాగుతాయి, జాకెట్ బూరెలా ఉబ్బుతుంది, గాలి చొక్కా మీదుగా పారి మెడ దగ్గరా చేతుల దగ్గరా బయటపడుతుంది. దారిలో చెమటను ఆవిరి చేసుకుంటూ పోతుంది. బ్యాటరీ వేడిని తోడే బరువు ఎత్తుకోదు, గాలిని కదిపి ఊరుకుంటుంది. బరువు మోసేది చెమటే, లీటరుకు 2,400 కిలోజౌళ్లు. అందుకే చిన్న బ్యాటరీతో గంటల తరబడి నడుస్తుంది. ఔట్‌డోర్ ఏదని మా బావమరిది అడిగితే చొక్కా మెడ చూపించవచ్చు. జపాన్‌లో రోడ్డు పనుల దగ్గర, భవనాల దగ్గర ఇది మామూలు దృశ్యమైపోయింది.

మన దగ్గర పనిచేస్తుందా? దీనికి ఒక్క మాటలో జవాబు లేదు, ఎందుకంటే మన దగ్గర ఎండలు రెండు రకాలు. మధ్యాహ్నం రామగుండంలో 44 డిగ్రీలు, గాలిలో తేమ 15 శాతం అనుకుందాం. విశాఖలో 34 డిగ్రీలు, తేమ 75 శాతం. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలాడేలా తిప్పితే చూపే అంకెను తడి బుడ్డి ఉష్ణోగ్రత అంటారు. చెమట ద్వారా ఒళ్లు ఎంతవరకు చల్లబడగలదో చెప్పే హద్దు అది. రామగుండంలో అది 23 దగ్గర తేలుతుంది, విశాఖలో 30 దగ్గర. మామూలు థర్మామీటరు చెప్పినదానికి సరిగ్గా తలకిందులు. తడి బుడ్డి అంకె 35 చేరితే మనిషి బతకలేడని చాలాకాలం అనుకున్నారు. 2022లో అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లను పరీక్షిస్తే, ఉక్కలో 31 దగ్గరే ఒళ్లు అదుపు తప్పడం మొదలైంది. విశాఖ ఉక్కపోతను తక్కువ చేసి మాట్లాడే తెలంగాణ మిత్రులు ఇది గమనించాలి.

ఈ లెక్క చూస్తే ఫ్యాన్ జాకెట్ పొడి ఎండలోనే బాగా పనిచేయాలి అనిపిస్తుంది. కాదు. 2019లో సిడ్నీ విశ్వవిద్యాలయం మామూలు ఫ్యాన్లతో చేసిన ప్రయోగంలో 40 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గదిలో ఫ్యాన్ మేలు చేసింది. 47 డిగ్రీలు, 10 శాతం తేమ ఉన్న గదిలో హాని చేసింది. కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. ఉక్కలో చెమట బొట్లుగా కారి నేలపాలవుతుంది. కారిపోయిన చెమట వేడిని పట్టుకుపోదు, ఆవిరైందే పట్టుకుపోతుంది. ఫ్యాన్ ఆ వృథాను ఆపుతుంది. పొడి ఎండలో చెమట పుట్టిన మరుక్షణం ఎలాగూ ఆరిపోతోంది, ఫ్యాన్ కొత్తగా ఆరబెట్టడానికి ఏమీ మిగల్లేదు. అది ఊదే నిప్పులాంటి గాలి మాత్రం ఒంటికి తగులుతుంది. వడగాడ్పులో మోటార్‌సైకిల్ నడిపినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. గాలి 40 డిగ్రీలు దాటాక ఫ్యాన్ ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించేది ఇందుకే.

అయితే రామగుండంలో ఒక మంచి మందు ఉంది, బాల్చీ నీళ్లు. లోపలి నూలు చొక్కాను తడిపి పైన ఫ్యాన్ జాకెట్ వేసుకుంటే ఒళ్లు పుట్టించలేని చెమటను చొక్కా ఇస్తుంది. ఆ పొడిగాలిలో తడిచొక్కా ఉష్ణోగ్రత ఇరవైల్లోకి దిగగలదు. ఆరగానే మళ్లీ తడపాలి, లేకపోతే అదే జాకెట్ పొయ్యి మీద ఊదే గొట్టం అవుతుంది. విశాఖ రేవులో బస్తాల దగ్గరికి ఫ్యాన్ ముఖ్యం, రామగుండంలో నీళ్ల డ్రమ్ము ముఖ్యం. ప్యాకెట్ మీద ఈ సంగతి రాయరు. అన్నట్టు, భూగర్భ బొగ్గు గనుల్లోకి ఈ జాకెట్ తీసుకెళ్లలేం. మీథేన్ ఉండే చోట మామూలు మోటారు నిప్పురవ్వ చాలు. సిమెంటు దుమ్ములో అయితే ఆ దుమ్మంతా చొక్కాలోకే ఊదుకున్నట్టు.

మంచు జాకెట్ల కథ చిన్నది. కిలో మంచు కరిగి ఒంటి వేడికి వచ్చేసరికి 450 కిలోజౌళ్ల పైచిలుకు పీల్చుకుంటుంది. పనిలో ఉన్న మనిషికి అది అరగంట కూడా కాదు. పైగా మరీ చల్లన కావడంతో చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడిని లోపలే ఆపేస్తాయి. దీనికి విరుగుడుగా మైనం లాంటి పదార్థాలు వచ్చాయి. చలికాలంలో పేరుకున్న నెయ్యి గిన్నెను ఎండలో పెట్టండి. గడ్డ కరుగుతున్నంతసేపూ నెయ్యి పెద్దగా కాగదు, వచ్చిన వేడంతా కరగడానికే ఖర్చవుతుంది. 28 డిగ్రీల దగ్గర అలా కరిగే ఆక్టాడెకేన్ అనే మైనాన్ని సంచుల్లో నింపి జాకెట్‌లో పెడతారు. కోవిడ్ రోజుల్లో పీపీఈ కిట్లలో ఉడికిపోయిన వైద్య సిబ్బందికి ఇలాంటివి పనికొచ్చాయి. ఇక్కడ ఔట్‌డోర్ యూనిట్ ఫ్రిజ్. ఒంటి వేడిని మైనంలో దాచి, సాయంత్రం దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి దింపుకుంటున్నాం.

ఇదే మైనాన్ని కంటికి కనపడని గుళికలుగా చేసి బట్టలో కలిపే పద్ధతి 1980లలో నాసా డబ్బుతో జరిగిన పరిశోధనల్లో పుట్టింది. ఇప్పుడు దుప్పట్ల మీద, టీషర్టుల మీద నాసా పేరు కనపడుతుంది. చొక్కాలో 30 గ్రాముల మైనం ఉందనుకోండి, గ్రాముకు 200 జౌళ్ల చొప్పున 6,000 జౌళ్లు. నడుస్తున్న మనిషి దాన్ని 20 సెకన్లలో నింపేస్తాడు.

నాసా అన్నాక వ్యోమగాముల సూట్ల సంగతి చెప్పకుండా ఉండలేను. చల్లటి బట్టల్లో అసలు మొనగాడు అదే. 1966 జూన్‌లో జెమినై 9 అనే అమెరికా వ్యోమనౌక నుంచి బయటికొచ్చిన యూజీన్ సెర్నన్ సూటులో గాలి మాత్రమే తిరిగేది. రెండు గంటల కుస్తీలో ఆయన చెమటకు హెల్మెట్ అద్దం మసకబారి ముందేముందో కనపడలేదు. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో యాత్రలకు వచ్చేసరికి ఒంటిని అంటుకునే లోపలి అంగీలో సన్నటి గొట్టాలు కుట్టి నీళ్లు తిప్పారు. ఇప్పటి అంతరిక్ష కేంద్రం సూట్లలో ఆ గొట్టాల పొడవు 90 మీటర్లకు పైనే. నీళ్లు ఒంటి వేడిని వీపు మీది పెట్టెకు చేరుస్తాయి. అక్కడి నుంచి ఎక్కడికి? బయట గాలే లేదు. పెట్టెలో సన్నటి రంధ్రాలున్న లోహపు పలక ఉంటుంది. దాని మీదికి కొద్దిగా నీరు ఊరుతుంది, శూన్యం తగలగానే గడ్డకడుతుంది, గడ్డ నేరుగా ఆవిరై పోతుంది. అంటే సూటుకే చెమట పడుతోంది. మట్టికుండ గోడల్లోంచి ఊరి ఆరిపోతూ లోపలి నీళ్లను చల్లబరిచే తేమకూ దీనికీ సూత్రంలో తేడా లేదు.

ఆ నీళ్లే ఒకసారి ప్రాణం మీదికి తెచ్చాయి. 2013 జులై 16న ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో సూటులో ఒక భాగం పూడుకుపోయి, చల్లబరిచే నీరు గాలి దారిలోకి పొంగింది. లీటరుకు పైగా నీరు హెల్మెట్‌లో చేరింది. బరువు లేని చోట నీరు కిందికి జారదు కదా, ముద్దగా ముఖానికి అంటుకుని కళ్లు, ముక్కు కప్పేసింది. ఆయన చూపు ఆనక, తాడు పట్టుకుని తడుముకుంటూ తలుపు దాకా వచ్చాడు.

బ్యాటరీ, నీళ్లు ఏవీ అక్కర్లేని బట్టల మీద కూడా పని జరుగుతోంది. మన ఒళ్లు వదిలే పరారుణ కిరణాలను నూలుబట్ట పీల్చుకుని ఆపేస్తుంది. క్యారీబ్యాగ్ చేసే పాలిథిన్ ఆపదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో యి ట్స్వీ అనే శాస్త్రవేత్త బృందం 2016లో ఆ పాలిథిన్‌లో అతి సన్నటి రంధ్రాలు చేసింది. మామూలు వెలుతురు ఆ రంధ్రాల్లో చెదిరిపోవడంతో బట్ట తెల్లగా, మానం కాపాడేలా కనపడుతుంది, ఒంటి వేడి మాత్రం దూసుకుపోతుంది. ప్రయోగశాలలో చర్మంలా వేడెక్కే పలక మీద కప్పితే నూలు కన్నా 2.7 డిగ్రీలు చల్లగా ఉంది. తొడుక్కోవడానికి వీలుగా గాలాడేలా, చెమట పీల్చేలా మార్చాక తేడా 2 డిగ్రీలకు దిగింది. 2021లో చైనా బృందం చేసిన ఇంకో బట్ట ఎండలో 92.4 శాతాన్ని వెనక్కి కొట్టి, ఎండలో నూలుబట్ట కన్నా ఒంటిని 4.8 డిగ్రీల దాకా చల్లగా ఉంచింది.

ఇక్కడా బావమరిది ప్రశ్న వేయాల్సిందే. మొదటి బట్టకు ఔట్‌డోర్ గది గోడలు. గోడలు ఒంటికన్నా చల్లగా ఉంటేనే వేడి అటు పోతుంది. కాగిన తారురోడ్డు ముందు నిలబడితే రోడ్డు వేడే లోపలికి దూసుకొస్తుంది. రెండో బట్ట ఒంటి వేడిని పరారుణ కిరణాలుగా పైకి వదులుతుంది, దానికి ఔట్‌డోర్ ఆకాశం. పైన కాలిన రేకుల షెడ్డు ఉంటే ఆ దారి మూసుకున్నట్టే. ఎండలో పొలం పనికి పనికిరావచ్చు, ఇటుకల బట్టీ దగ్గర కాదు.

2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్ర, తెలంగాణల్లో 2,000 మందికి పైగా చనిపోయారు. అలాంటి ఎండల్లో ఈ బట్టలు ఎవరికి అవసరమో, వాళ్లు రోజుకూలీలు. జాకెట్, బ్యాటరీ కలిపి కొనే స్థోమత వాళ్లకు ఎలాగూ ఉండదు, కొనవలసింది వాళ్లు కాదు కూడా. జపాన్ 2025 జూన్ 1 నుంచి వడదెబ్బ నివారణ ఏర్పాట్లను యజమానుల చట్టబద్ధ బాధ్యత చేసింది. హెల్మెట్, బూట్ల లాగే జాకెట్ కూడా పనిచోటే ఇవ్వాలని నా అభిప్రాయం. ఇచ్చినా దానితోపాటు నీడ, నీళ్లు, మధ్యాహ్నం విరామం ఇవ్వకపోతే అది ఇంకాసేపు పని లాగే పరికరంగా మారుతుంది. మెడ చల్లబరిచిన పరుగుల ప్రయోగం గుర్తుంది కదా.

మా బావమరిదికి మే నెలే సీజన్. మిట్టమధ్యాహ్నం డాబాల మీదికెక్కి కాలిపోతున్న ఔట్‌డోర్ యూనిట్లు విప్పుతుంటాడు. నా కూలర్ ఇస్తానంటే నవ్వి, కుళాయి కింద తుండు తడిపి తలకు చుట్టుకుని మెట్లెక్కాడు. ఆ కూలర్ ఇప్పుడు మా అమ్మాయి చదువుకునే గదిలో ఉంది. ఏసీ వేసుకున్నప్పుడు అద్భుతంగా పనిచేస్తోందట.